మడతపెట్టిన గుర్రం

సాయంత్రం ఆరున్నరకి అక్క ఫోన్ చేస్తుంది. బావ చనిపోయిన నెల నుంచి, అంటే పదహారేళ్ళుగా, అదే వేళ. ఆ పాటికి అతను ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా మార్చుకుని, బాల్కనీలో ఒక కాలు పొట్టిదైన కుర్చీలో కూలబడి ఉంటాడు. నాలుగు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళోంచి అక్క చెబుతుంది, ఇక్కడ అతను ఊఁ కొడతాడు. ఇరవై నిమిషాలు. ఎవరికి కుట్టిన జాకెట్టు చంకల్లో పట్టేసిందో, ఎవరిచ్చిన గుడ్డ ఉతికితే జానెడు కుదించుకుపోయిందో, పై వాటావాళ్ళు బకెట్లు ఎత్తకుండా ఈడుస్తారెందుకో. ఆ మాటలు చెవిలోంచి లోపలికి వెళ్ళి ఎక్కడికో జారిపోయేవి. ఎక్కడికన్నది అతను ఎన్నడూ చూసుకోలేదు.

జనవరి ఐదో తారీఖున ఆ ఏర్పాటు చెడింది.

"వింటున్నావా?" అంది అక్క మధ్యలో ఆగి.

"వింటున్నా."

రెండు నిమిషాలకి మళ్ళీ, "ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నానక్కా, చెప్పు."

మూడోసారి ఆవిడ అలా అడగలేదు. ఏదో చెప్పింది, ఆగింది, చాలాసేపు ఆగింది. తర్వాత "సరేలే" అని పెట్టేసింది.

మర్నాడు ఆరున్నరకి ఫోన్ మోగలేదు. ఆ మర్నాడూ లేదు. మూడో రోజు అతనే చేశాడు.

"పనుందిరా," అంది అక్క.

"కోపమా?"

"కోపం దేనికి? గోడకి చెప్పుకుంటే గోడైనా తిరిగి పలుకుతుంది. మొన్న నువ్వు ఊఁ అనైనా అనలేదు. అంత విసుగ్గా ఉంటే చెప్పు, మానేస్తాను."

"అన్నాను! అంటూనే ఉన్నాను!"

"నాకు ఒక్కటీ వినపడలేదు."

"అయితే ఫోన్‌లో ఏదో తేడా ఉంది. కొత్త ఫోన్ కదా, ఐదో తారీఖునే కొన్నాను."

"ఆఁ, ఫోనే," అంది అక్క. నమ్మినవాళ్ళు అనే ఆఁ కాదది.

అతను వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. "మొన్న అక్కతో మాట్లాడుతున్నప్పుడు నేను ఊఁ అన్నానా, లేదా?"

భార్య గిన్నె తుడుస్తూ తల తిప్పకుండానే, "అన్నారు. నాకు ఇక్కడికి వినపడింది. గోడ గడియారం కొట్టినట్టు అంటూనే ఉన్నారు," అంది.

అతనికి సాక్ష్యం దొరికింది. తన తప్పు లేదని తేలాక మనసుకి ఒక రకమైన మెత్తటి సుఖం కలుగుతుంది. తప్పు చేసినవాడు లేచి ఏదో ఒకటి చెయ్యాలి. చెయ్యనివాడు కూర్చోవచ్చు. అతను కూర్చున్నాడు. అక్కకే తెలుస్తుంది, ఆవిడే చేస్తుంది అనుకుంటూ వారం రోజులు ఆ సుఖంలోనే కూర్చున్నాడు. ఆరున్నర అయ్యేసరికి మాత్రం చెవి దానంతటదే బిగుసుకునేది.

*

అతని ఉద్యోగం నీటి సరఫరావాళ్ళ ఫిర్యాదుల విభాగంలో. ముప్పై ఏళ్ళ కిందట చేరినప్పుడు నల్లటి ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, జనం చెప్పేది రిజిస్టర్లో రాసేవాడు. నీళ్ళు రావడం లేదంటే "నీ.రా.లే." పైపు పగిలిందంటే "పై.ప." బురద నీళ్ళొస్తే "బు.నీ." రాసేది రెండు మూడు అక్షరాలే, వినేది మాత్రం పావుగంట. ఆ రోజుల్లో అతని ఊఁకి పేరుండేది. తర్వాతేమైంది అనే ఊఁ వేరు, అయ్యో అనే ఊఁ వేరు, నమ్మాను పో అనే ఊఁ వేరు, ఇక చాలు తల్లీ ముగించు అనే ఊఁ మరీ వేరు. తిట్టడానికి ఫోన్ చేసినవాళ్ళు కూడా నాలుగు ఊఁలయ్యేసరికి చల్లబడి, "సరే బాబూ, ఎప్పుడు పంపిస్తారు మనిషిని?" అనేవాళ్ళు.

తర్వాత రిజిస్టరు పోయి టైపు వచ్చింది. టైపు పోయి రికార్డింగు వచ్చింది. ఇప్పుడు జనం చెప్పేది మెషీనే విని, మెషీనే రాసేస్తుంది. అతని పని దాన్ని శుభ్రం చెయ్యడం. మానిటర్ పక్కన ఒక కాగితం అంటించి ఉంటుంది, ఏమేం తీసెయ్యాలో. ఊఁ, ఆఁ, అదే, అంటే, మరి, ఏంటంటే, చూడండి. వీటన్నిటికీ కలిపి ఆఫీసులో "చెత్త" అని పేరు. అందుకే పక్క సీటు అమ్మాయి అతన్ని "చీపురుగారూ" అంటుంది. ప్రేమగానే అంటుంది.

"చీపురుగారూ, ఇవాళ ఎన్ని ఊడ్చారు?"

"నాలుగొందల ఊఁలు, రెండొందల అదేలు."

"మరిలు?"

"మరి, లెక్క పెట్టలేదు."

"అదిగో, ఇంకోటి ఊడ్చండి."

ఆ వారంలో ఒక పెద్దాయన గొంతు వచ్చింది. "అదేనండీ... మరి... ఏంటంటే, మా ఆవిడ ఉన్నప్పుడు ఇలాంటివన్నీ ఆవిడే చూసుకునేది... ఊఁ... అదే... కుళాయి..." అతను ఒక్కొక్కటీ తీసేశాడు. చెత్త ముందు పోయింది, విషయానికి సంబంధం లేనివి తర్వాత పోయాయి. మిగిలింది: కుళాయి పనిచేయడం లేదు. దాని పక్కన ఆకుపచ్చ టిక్కు పడింది. ఇదివరకైతే ఆ మధ్యలో ఉన్న ఊఁ దగ్గర చెయ్యి కాస్త ఆగేది. ఇప్పుడు ఆగదు. ఆగకపోవడం కొత్తలో బాధగా ఉండేది. ఆ బాధ ఎప్పుడు మానేసిందో అతనికి గుర్తు లేదు.

అలిసిపోవడమంటే నిద్ర వస్తుందనుకుంటారు జనం. అతని అలసట అలాంటిది కాదు. అన్నీ చేస్తాడు, అన్నిటికీ జవాబిస్తాడు, ఎక్కడా ఉండడు.

*

పదహారో తారీఖున ఆఫీసు నుంచి వస్తూ ఫోన్లు బాగుచేసే కొట్టు దగ్గర ఆగాడు. మూరెడు వెడల్పు కొట్టు. లోపల ముప్పై ఏళ్ళావిడ, నుదుటి మీదికి భూతద్దం నెట్టుకుని, టేబుల్ ఫ్యాన్ ముందు కూర్చుని ఉంది.

"ఏమైంది సార్?"

"నా ఊఁ అవతలివాళ్ళకి వినపడట్లేదమ్మా."

ఆవిడ చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "మాటలు వినపడుతున్నాయా?"

"మాటలు వినపడుతున్నాయి. ఊఁ వినపడట్లేదు."

"ఇలాంటి రిపేరు ఇదే మొదటిసారి సార్," అని నవ్వి, అతని ఫోన్ తీసుకుని తన ఫోన్‌కి కాల్ కలిపి రికార్డింగు పెట్టింది. "మాట్లాడండి. మధ్యమధ్యలో మీ ఊఁ అనండి."

అతను ఏదో మాట్లాడాడు, ఆవిడ ఏదో అడిగింది, అతను ఊఁ అన్నాడు, ఇంకో మూడుసార్లు అన్నాడు. ఆవిడ వెనక్కి తిప్పి వినిపించింది. అతని మాటలు స్పష్టంగా ఉన్నాయి. పక్కనే గిరగిరా తిరుగుతున్న ఫ్యాన్ చప్పుడు అసలు లేదు. ఊఁలు ఉండాల్సిన చోట నున్నటి ఖాళీ.

"చూశావా!" అన్నాడు అతను. అతని గొంతులో చాలా రోజులకి ప్రాణం వచ్చింది. "ఫోన్‌దే తప్పు!"

"రొద తీసేసే సెట్టింగు సార్. ఫ్యాను, మోటారు, రోడ్డు మీద లారీ, అలాంటివన్నీ కోసేస్తుంది." ఆవిడ ఏదో ఆలోచించి, అదే ఫోన్‌ని తన నోటి దగ్గర పెట్టుకుని తనూ ఊఁ అంది, మూడుసార్లు. వినిపించింది. మూడూ ఉన్నాయి.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"నీది వినపడుతోందే," అన్నాడు అతను.

ఆవిడ మొహమాటపడింది. "అంటే సార్... ఇది ఎలా పనిచేస్తుందంటే, మారుతూ ఉండే శబ్దాన్ని మాట అనుకుంటుంది. మారకుండా ఒకే తీరుగా వచ్చేదాన్ని రొద అనుకుంటుంది. మీది... ఏమీ అనుకోకండి... కాస్త ఫ్యాన్‌లా ఉంది. ఇంకోలా అని చూడండి."

అతను ఇంకోలా అనబోయాడు. ఊఁ. ఇంకోసారి, కాస్త లేపి, ఊఁ. అయ్యో అనే ఊఁ కోసం లోపల వెతికాడు. పెట్టిన చోట లేదది. ఆవిడ వినిపించింది, అన్నీ ఖాళీలే. కొట్టు ముందు నిలబడ్డ ఇంకో మనిషి, ఈయనకేదో అజీర్తి అనుకున్నట్టు చూసి పక్కకి జరిగాడు.

"పోనీలెండి సార్, సెట్టింగు తీసేస్తాను. ఇక అన్నీ వినపడతాయి, మీరూ, ఫ్యానూ." ఆవిడ రెండు చోట్ల నొక్కి ఫోన్ వెనక్కిచ్చింది. "ఇంకోటి చెప్పనా? మీ కాల్స్‌లో ఏం మాట్లాడుకున్నారో ఇదే క్లుప్తంగా రాసి పెడుతుంది. ఇదిగో, ఇక్కడ. ఎవరైనా గొడవ పడితే చూపించచ్చు."

అతను నడుస్తూ ఆ చోటు తెరిచి చూశాడు. ఐదో తారీఖు, అక్క. నాలుగు వరసలు. చదవబోయి మానేశాడు. రోజంతా చదివిందే చదివాడు.

దారిలో ఫ్యాన్ అన్న మాట బూట్లో రాయిలా గుచ్చుతూనే ఉంది. అయినా సెట్టింగు ఉన్న మాట నిజం కదా. తను ఊఁ అన్న మాట నిజం కదా. అతను ఆ రెండు నిజాల్నీ రెండు చేతుల్తో పట్టుకుని మెట్లెక్కాడు.

*

అక్క అతని కంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మ పనికి వెళ్ళాక మధ్యాహ్నాలు వీడు రోడ్డు మీదికి పరిగెత్తకుండా చూడ్డం ఆవిడ డ్యూటీ. కాళ్ళతో కుట్టుమిషన్ తొక్కుతూ, మిషన్ పక్కన పీట వేసి కూర్చోబెట్టి కథ చెప్పేది. ఊఁ కొట్టడం వీడి వంతు. ఊఁ ఆగితే కథ ఆగుతుంది, మిషన్ కూడా ఆగుతుంది. వీడేదైనా చెబితే ఆవిడా ఊఁ కొట్టేది, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, పెదాలు విడకుండా. అప్పుడప్పుడు పరీక్ష పెట్టేది. ఒకసారి రాజుగారు అడవిలోకి వెళ్ళాడు. ఊఁ. గుర్రం దిగాడు. ఊఁ. గుర్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఊఁ. కొలత టేపుతో నెత్తి మీద ఒక్కటి పడింది. "మడతపెట్టిన గుర్రానికి ఊఁ ఏంట్రా, దద్దమ్మా!" ఇద్దరూ మిషన్ మీద పడి నవ్వారు. తర్వాత చాలా ఏళ్ళు ఇంట్లో ఎవరైనా పరధ్యానంగా తలూపితే "మడత గుర్రం" అనేవాళ్ళు. ఆ మాట తెలిసినవాళ్ళలో ఇప్పుడు ఇద్దరే మిగిలారు.

*

బాల్కనీలో కుర్చీ ఇంకా కుదురుకోకుండానే అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, తేలిపోయింది! ఫోన్‌దే. రొద తీసేసే సెట్టింగట, నా ఊఁలన్నీ అది మింగేసింది. కొట్టులో ఆవిడ ఎదురుగా చూపించింది. ఇప్పుడు తీయించేశాను. విను, ఊఁ! వినపడిందా?"

"వినపడింది," అంది అక్క. గొంతు పడుకుని లేచినట్టు మందంగా ఉంది. "అయితే ఆ రోజు నువ్వు అన్నావన్నమాట."

"చెబుతున్నానుగా."

"అంటే విన్నావన్నమాట."

"విన్నాను."

"సరే. నేనేం చెప్పానో చెప్పు."

కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు. అతను లోపల వెతికాడు. బకెట్లు. గుడ్డ. వర్షం. అవి ఐదో తారీఖువో, పోయిన ఏడాదివో. అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్‌ని చెవి దగ్గర్నుంచి తీసి, స్పీకర్లో పెట్టి, ఆ నాలుగు వరసలు తెరిచాడు.

"చెప్పనా? మొదట వాతావరణం గురించి... అంటే, చలి గురించి చెప్పావు. తర్వాత కుట్టు యంత్రం గురించి..."

"యంత్రమా?" అంది అక్క. "పుట్టి బుద్ధెరిగాక నేనెప్పుడైనా దాన్ని యంత్రం అన్నానట్రా?"

"మిషన్, మిషన్ గురించే. మిషన్ కూర్చుంది, నువ్వు కూడా కూర్చున్నావు." వరస మీద వేలు జారింది. "దారం ఎక్కడం లేదన్నావు. తర్వాత, పొర తీయించాలి, పద్నాలుగో తారీఖు." ముప్పై ఏళ్ళ అనుభవం సాయానికి వచ్చింది. ఏ ఫిర్యాదుకైనా సగం ముక్క చాలు, మిగతా సగం అతను అతికించగలడు. "అదే, ఎవరిదో కోటు. లోపలి పొర తీయించాలి, పద్నాలుగుకి ఇచ్చెయ్యాలి అన్నావు. నాకన్నీ గుర్తున్నాయి."

స్కూటర్ అందుకుంది, వెళ్ళిపోయింది. తర్వాత అక్క నవ్వడం వినిపించింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేక. "అబ్బా, నవ్వించకురా, కుట్లు లేవుగానీ నొప్పెడుతుంది." ఇంకా నవ్వుతూనే, "కోటు కాదురా. కన్ను," అంది.

అతను వరసల వైపు చూశాడు. దారం ఎక్కడం లేదు. పొర తీయించాలి. పద్నాలుగు. అన్నీ ఉన్నాయి, ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

"మిషనూ నేనూ ఇద్దరం కూర్చుండిపోయాం, సూదిలో దారం ఎక్కట్లేదు, కంట్లో పొర తీయించుకోమన్నారు అని చెప్పాను. పద్నాలుగున రమ్మన్నారన్నాను."

"పద్నాలుగు మొన్నే కదా."

"మొన్నే. అయిపోయింది. పక్కింటావిడ తోడొచ్చింది. పాపం ఆవిడకి మోకాళ్ళు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఎవరు ఎవర్ని పట్టుకున్నామో మాకే తెలీదు."

"నాకు చెప్పచ్చుగా."

"చెప్పాను కదరా. నువ్వొస్తావా అని కూడా అడిగాను. అడిగి ఆగాను. చాలాసేపు ఆగాను." నవ్వు పూర్తిగా పోయింది ఆవిడ గొంతులోంచి. "ఇప్పుడు చెప్పు. అక్కడ కూడా ఊఁ అన్నావా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. ఆ సాయంత్రం కనపడింది. ఇదే కుర్చీ, ఇదే పొట్టి కాలు, ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పటి. అవతల మాట ఆగిన ప్రతిసారీ లోపల ఏదో మీట నొక్కినట్టయ్యేది, ఊఁ వచ్చేది.

"అనే ఉంటాను," అన్నాడు.

"అయితే ఆ సెట్టింగెవరు పెట్టారో గానీ వాళ్ళు చల్లగా ఉండాలి," అంది అక్క. "నాకు వినపడకపోవడమే మంచిదైంది. వినపడి ఉంటే వస్తావనుకునేదాన్ని. పక్కింటావిణ్ణి అడిగేదాన్నే కాదు. పద్నాలుగున ఆ మెట్ల మీద సంచీ పెట్టుకుని కూర్చునేదాన్ని."

ఆవిడ తిట్టినట్టు అనలేదు. ఎనిమిది రోజులు వెచ్చగా కప్పుకున్న నిర్దోషిత్వం ఒంటి మీద నుంచి జారి కుర్చీ కింద పడింది. వంగి తీసుకోవాలనిపించలేదు. తన ఊఁని మింగేసిందనుకున్న మెషీను నిజానికి మింగింది ఊఁని కాదు. ఊఁ ఉండాల్సిన చోట తను పెట్టిన మరేదో. దాన్ని అది సరిగ్గానే పోల్చుకుంది.

"వినలేదక్కా," అన్నాడు. "ఆ రోజు వినలేదు. అంతకుముందు కూడా... చాలా రోజుల్నుంచి వినట్లేదనుకుంటా."

"తెలుసు."

"తెలిసీ చెప్పేదానివా?"

"ఇంట్లో చప్పుడు ఉండాలి కదరా," అంది అక్క. "ఆ మాత్రం ఊఁ చాలులే అనుకున్నాను. అదీ ఆగిపోయేసరికి భయమేసింది."

అతను స్పీకర్ తీసేసి ఫోన్‌ని చెవికి ఆనించుకున్నాడు. అక్క గదిలో చప్పుళ్ళన్నీ ఇవతలికి వస్తున్నాయి, ఎప్పుడూ వస్తూనే ఉన్నాయేమో, ఇప్పుడు అతను వింటున్నాడు. ఎక్కడో నీళ్ళ చుక్కలు. పైన బకెట్ ఈడుస్తున్న గీరు శబ్దం. నిజంగానే ఈడుస్తున్నారు. పదహారేళ్ళుగా చెబుతోంది.

"రెండో కన్ను ఎప్పుడు?" అని అడిగాడు.

అతను అడుగుతాడని అక్క అనుకున్నట్టు లేదు.

"వచ్చే నెల."

"తారీఖు చెప్పు. రాసుకుంటాను." అతను లోపలికి వెళ్ళి, కరెంటు బిల్లు వెనక వైపు తిప్పి, పెన్ను తీసుకున్నాడు. ఫోన్‌లో రాసుకోవాలనిపించలేదు.

"ఫిబ్రవరి ముప్పై," అంది అక్క.

పెదాలు మూతపడ్డాయి. ఊఁ గొంతు దాకా వచ్చింది, దాని దారి దానికి బాగా తెలుసు. పెన్ను ముందు ఆగింది. ఫిబ్రవరి అని రాసి, మూడు వెయ్యబోయి, ఆగింది.

"ఫిబ్రవరికి ముప్పై ఎక్కడిదక్కా?"

అటువైపు నుంచి, పెదాల మధ్య గుండుసూదులున్నట్టు, పెదాలు విడకుండా,

"ఊఁ," అంది అక్క.

అతను పెన్ను పట్టుకుని అసలు తారీఖు కోసం ఆగాడు.